మట్టెవాడ ఇల్లు, మేడారం బంగారం

వరంగల్ వెళ్లొచ్చానని తెలియగానే మా తెనాలిలో ప్రతివాళ్లూ ఒకటే ప్రశ్న. వేయిస్తంభాల గుడి చూశావా, కోట చూశావా, రామప్ప చూశావా అని. చూడలేదండీ బాబూ. నాలుగు రోజులు ఉండి ఒక్కటీ చూడలేదు. నేను వెళ్లింది ఒక ఇంటి పన్ను సంగతి తేల్చడానికి. ఇంటి పన్నంటే మునిసిపాలిటీ వాళ్లకు కట్టేది కాదు. పరాయి దేశం మనిషి మన దేశంలో ఇల్లు కొనుక్కుని, తాను లేనప్పుడు దాన్ని యాత్రికులకు అద్దెకిస్తే, ఆ అద్దె మీద కట్టాల్సిన పన్ను. ఇంత పొడి సంగతి కోసం వెళ్లినదాన్ని యాత్ర గురించి రాస్తానని కూర్చోవడమేమిటని మావారు నవ్వుతున్నారు. నవ్వనివ్వండి. కోటలు చూసొచ్చినవాళ్లు చాలామందే రాశారు.

నేను తెనాలిలో ఇన్‌కంటాక్స్ రిటర్నులు వేసిపెడుతుంటాను. పెద్ద చదువుల ఆడిటర్ని కాను గానీ, అందరూ ఆడిటరమ్మ అనే అంటారు. విదేశాల్లో ఉండేవాళ్ల ఇళ్లూ స్థలాల లెక్కలు నాకు బాగా అలవాటు. ఆ పేరు ఎవరి నోటో విని మలేషియా నుంచి రత్నంగారు ఫోన్ చేశారు. ఆవిడది అక్కడి కొబ్బరితోటల్లోకి మూడు తరాల కిందట వెళ్లిన తెలుగు కుటుంబం. పుట్టింది, పెరిగింది, బడిలో పాఠాలు చెప్పి రిటైరయింది అక్కడే. పౌరసత్వం అక్కడిదే. ఆరేళ్ల కిందట ఊళ్లు చూడ్డానికొచ్చి, వరంగల్ నచ్చి, మన మూలాలున్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే కార్డు సంపాదించుకుని, మట్టెవాడలో చిన్న మేడ కొనుక్కున్నారు. ఏడాదికి రెండు నెలలు తాను ఉంటారు. మిగతా రోజులు యాత్రికులకు.

ఇప్పుడా ఇల్లు అమ్మేస్తానంటున్నారు. వచ్చి ఆ పన్నుల గొడవేదో తేల్చి పెట్టండి అన్నారు. ఎందుకమ్ముతున్నారని అడిగితే, వచ్చాక చెబుతానన్నారు.

దిగాల్సింది ఒకచోట, దిగింది ఇంకోచోట

మా వైపు నుంచి వెళ్లే రైలు ముందు వరంగల్లో ఆగి, తర్వాత కాజీపేటకు పోతుంది. డోర్నకల్ దాకా కిటికీకి అతుక్కుని కూర్చున్నదాన్ని, మహబూబాబాద్ దాటాక కునుకు తీశాను. లేచి చూస్తే కాజీపేట. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది. ఇన్నేళ్లుగా జనం గడువులు దాటేశారని తిట్టిపోసేదాన్ని, నేనే స్టేషన్ దాటేశాను.

ఆటో అతను నన్ను చూడగానే నవ్వాడు. మీ విజయవాడోళ్లంతా గిట్లనే వస్తరమ్మా, రోజుకొక్కరన్న దొరుకుతరు అన్నాడు. మాది తెనాలి అన్నాను. ఆ తేడా అతనికి పట్టలేదు. దారిలో చాయ్ తాగిస్తానని ఒక హోటల్ దగ్గర ఆపాడు. పది రూపాయల చాయ్, పక్కన ఉప్పగా తియ్యగా ఉండే బిస్కెట్టు. డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు, ఆటో కిరాయి మాత్రం పైసా తగ్గించలేదు. అక్కడివాళ్లకు అద్దె అన్న మాట పెద్దగా నోటికి రాదు. ఆటోకైనా కిరాయే, ఇంటికైనా కిరాయే. మా వైపు కిరాయి అంటే బండికో, కొట్టడానికి తెచ్చిన మనిషికో.

మట్టెవాడ

రత్నంగారి ఇల్లు ఒక సందులో ఉంది. కింద రెండు గదులు, పైన రెండు గదులు, ముందు చిన్న అరుగు. తలుపు తీసింది కొమురమ్మ. ఇల్లు చూసుకునేది, వచ్చినవాళ్లకు వండిపెట్టేది, డబ్బు తీసుకునేది అన్నీ ఆవిడే. నలభై దాటి ఉంటాయి. భర్త పోయాక వర్ధన్నపేట దగ్గర వాళ్ల ఊళ్లో పత్తి చేలల్లో కూలికి పోయేదట. ఇప్పుడు ఈ ఇల్లే ఆమె బతుకు.

"మంచిగొచ్చినవా అక్కా? లేటైనవ్. తిన్నవా?" అంది.

మా వైపు కొత్త మనిషిని ఎవరూ నువ్వు అనరు. ముందు కొంచెం చురుక్కుమంది. సాయంత్రానికి ఆ నువ్వు లేకపోతే ఏదో వెలితిగా అనిపించే స్థితికి వచ్చాను. అంత త్వరగా లొంగిపోవడానికి కారణం సర్వపిండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కరివేపాకు వేసి గిన్నె అడుగున అద్ది, వేళ్లతో చిల్లులు పెట్టి, నూనె పోసి కాలుస్తారు. అంచులు కరకరలాడతాయి. రెండు తిన్నాను. మూడోదాన్ని మొహమాటానికి వద్దంటే కొమురమ్మ నిజంగానే తీసుకెళ్లిపోయింది. అక్కడ వద్దంటే వద్దనే అర్థమని అప్పుడు తెలిసింది.

భోజనాలయ్యాక రత్నంగారు నన్ను మేడ మీదికి తీసుకెళ్లి గొడవంతా చెప్పారు. అరవై ఏళ్ల మనిషి, సన్నగా, పుల్లలా ఉంటారు. పోయిన ఏడాది గుండెకు ఆపరేషన్ అయిందట. తెలుగు తాతల నాటిది, చాలా మర్యాదగా మాట్లాడతారు. ఇన్నేళ్లూ ఇంటిమీద వచ్చిన డబ్బు కొమురమ్మ ఖాతాలోనే పడుతోంది. అందులో నుంచే కరెంటు, సున్నాలు, ఆమె జీతం. మిగిలింది అక్కడే ఉండిపోయింది. ఆ డబ్బు నేను మా దేశానికి తీసుకుపోలేదు కదా, తీసుకుపోని డబ్బుకు పన్నేమిటి అనుకున్నారట ఆవిడ. నేను తల పట్టుకున్నాను. ఎంతోమంది చేసే పొరపాటే ఇది. డబ్బు దేశం దాటిందా లేదా అన్నది కాదు, ఇల్లు ఎక్కడుంది అన్నదే ప్రశ్న. ఇల్లు మట్టెవాడలో ఉంటే మొదటి లెక్క మట్టెవాడ ఉన్న దేశానికే చెప్పాలి. ఓనరు ఏ దేశం మనిషైనా సరే. చెప్పలేదు గనక నోటీసు వచ్చింది.

నోటీసుకు జవాబు రాయడానికి ఆవిడ ముందు బెంగుళూరులో ఒక కుర్ర అకౌంటెంటును పెట్టుకున్నారు. అతను కొమురమ్మకు ఫోన్ చేసి ఖర్చులన్నీ అడిగాడు. అన్నీ సరిపోయాయి గానీ మేడారం జాతర వారంలో తీసిన డబ్బు దగ్గర ఆగిపోయాడు. ఇదేం చేశావమ్మా అంటే, బంగారం కొన్న సారూ అందట. ఎంత కొన్నావంటే, మా అమ్మంత అందట. ఆ పిల్లాడు పాపం దాన్ని ఇంగ్లీషులో రాసి రత్నంగారికి పంపాడు. బంగారం కొన్నారు, ఎంతో చెప్పడం లేదు అని. ఆవిడ ఇల్లు అమ్మాలనుకున్నది ఆ రోజే.

వరంగల్ వాళ్లు ఇది చదువుతూ ఇక్కడికే పకపకా నవ్వుతుంటారని నాకు తెలుసు. కాసేపు ఓపిక పట్టండి. నాకు తెలియదు, రత్నంగారికి తెలియదు, ఆ బెంగుళూరు పిల్లాడికి అంతకంటే తెలియదు.

అయితే ఆమెనే అడగలేకపోయారా అన్నాను. రత్నంగారు తల అడ్డంగా ఊపారు.

"అడిగితే ఏడుస్తుందమ్మా. ఏడిస్తే నేను ఇల్లు అమ్మలేను. మీరూ అడగవద్దు. నా మీద ఒట్టు."

ఇదేం తర్కమో నాకు అర్థం కాలేదు. చిరాకేసింది కూడా. దొంగ అనుకుంటే మొహం మీద అడగాలి, కాదనుకుంటే వదిలెయ్యాలి. కానీ ఒట్టు వేయించుకున్నారు గనక నోరు మూసుకున్నాను. నాకు నోరు మూసుకోవడం ఎంత కష్టమో మావారికి తెలుసు.

ఇల్లు కొంటానన్నది పక్క బజారులో స్టీలు సామాన్ల కొట్టు సాంబయ్యగారు. సాయంత్రం ఆయన కొట్టుకు వెళ్లాం. కూర్చోబెట్టి సోడా తెప్పించారు. మాటల్లో ఆయన భయం బయటపడింది. ఇక్కడివాళ్ల దగ్గర ఇల్లు కొన్నట్టు కాదు, బయటి దేశం వాళ్ల దగ్గర కొంటే డబ్బు ఇచ్చేవాడే ముందు అందులో పన్ను కోసి సర్కారుకు కట్టాలని ఎవరో చెప్పారట. నిజమేనా అని అడిగారు. నిజమే అన్నాను. కోయకపోతే అంటే, మిమ్మల్నే పట్టుకుంటారు అన్నాను.

"ఆమె టాక్సుకు నన్ను పట్టుకునుడేంది మేడం?" అన్నారు.

ఆవిడ విమానమెక్కి వెళ్లిపోతుంది, మీరు ఈ కొట్టులోనే ఉంటారు గనక అన్నాను. ఆయన సోడా పక్కన పెట్టేశారు. అయినా మాట తప్పనన్నారు, రెండు రోజుల్లో కాగితాలు చూసుకుందామన్నారు. అంటే ఇంకో రెండు రోజుల్లో కొమురమ్మ పని పోతుంది. ఆ సంగతి ఆమెకు ఇంకా తెలియదు.

వర్ధన్నపేట వైపు

మర్నాడు కొమురమ్మ మమ్మల్ని వాళ్ల ఊరికి భోజనానికి పిలిచింది. వర్ధన్నపేట దగ్గర రోడ్డు దిగి లోపలికి వెళ్లాలి. రత్నంగారు వెంటనే ఒప్పుకున్నారు. ఎందుకు ఒప్పుకున్నారో కారెక్కాక గానీ నాకు వెలగలేదు. ఆ ఇంట్లో బంగారం ఏమైనా కనబడుతుందేమో చూడాలని. పాపం ఆవిడకు అది తప్పనీ తెలుసు. దారి పొడవునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

రోడ్డుకు రెండు పక్కలా పత్తి, మక్కజొన్న. మా డెల్టా కళ్లతో చూస్తే నేల ఎర్రగా, ఎత్తుపల్లాలుగా, ఎక్కడికక్కడ బండరాళ్లతో ఉంటుంది. కాలవ కనబడక నా కళ్లు వెతుక్కున్నాయి. చెరువులున్నాయి, బోర్లున్నాయి. ఒకచోట మిర్చి ఆరబోసి ఉంటే కారు అద్దం దించాను. వెంటనే ఆరు తుమ్ములో ఏడు తుమ్ములో వచ్చాయి. గుంటూరు జిల్లా మనిషివి, మిర్చికి తుమ్ముతావా అన్నట్టు చూశాడు డ్రైవరు.

కొమురమ్మ ఆడబిడ్డ లచ్చవ్వ వంట చేసి ఉంచింది. జొన్నరొట్టె, నాటుకోడి కూర, పచ్చిపులుసు. పచ్చిపులుసు మా వైపూ చేస్తారు గానీ ఇంత కారంగా కాదు. చల్లగా ఉంది కదా అని గటగటా తాగాను. చెవుల్లోంచి పొగలొచ్చాయి. లచ్చవ్వ మజ్జిగ తెస్తానని లోపలికి పోయి కల్లు తెచ్చింది. ఇది తాగితే మంట తగ్గుతదక్కా అని. తాగానా లేదా అన్నది ఈ రాతలో చెప్పను, మావారు చదువుతారు.

రత్నంగారు మాత్రం తింటూ తింటూనే అన్నీ చూస్తున్నారు. లచ్చవ్వ మెడలో నల్లపూసలు, పుస్తెలు. చెవులకు చిన్న కమ్మలు. కొమురమ్మ మెడ బోసిగా ఉంది. గోడకు గడియారం, మూలన బస్తాలు, ఒక పాత బీరువా. ఆ బీరువా వైపు చూసి, వెంటనే సిగ్గుపడి తల తిప్పుకున్నారు. నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

అటు వాళ్లు కూడా మామూలుగా లేరు. లచ్చవ్వ మంచి దిట్టమైన మనిషి, గడపలో నిలబడితే గడప నిండిపోతుంది. రత్నంగారిని కింద నుంచి పైదాకా చూసి, కొమురమ్మ చెవిలో ఏదో అంది. ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుకున్నారు. రత్నంగారి మొహం చిన్నబోయింది. నన్ను చూసి నవ్వుతున్నారు, చూశారా, అని నాతో మెల్లగా అన్నారు.

చేతులు కడుక్కుంటుంటే కొమురమ్మ నా దగ్గరికొచ్చింది.

"అక్కా, అమ్మను రేపు మేడారం తీస్కపోవాలె. నువ్వు జర చెప్పు. ఒక్కపాలి వచ్చి తల్లికి మొకం జూపియ్యాలె. నేనడిగితే అలసిపోతనంటాంది."

ఎందుకంటే, వస్తే తెలుస్తది అంది. రత్నంగారు కాదనలేదు. ఎలాగూ ఇదే ఆఖరు, ఇంకెప్పుడు చూస్తాను అన్నారు నాతో. కొమురమ్మకు ఆ ఆఖరు అన్న మాట వినబడలేదు.

మేడారం

ములుగు దాటాక అడవి మొదలవుతుంది. టేకు చెట్లు, మధ్యలో పొలాలు, రోడ్డు మీద కోతులు. సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకొకసారి, అప్పుడు ఈ రోడ్డు మీద కాలు పెట్టే సందు ఉండదట. మేం వెళ్లింది జాతర లేని రోజుల్లో. అయినా అక్కడక్కడా జనం ఉన్నారు. వాగులో స్నానాలు చేసి తడి బట్టలతో వస్తున్నారు. మన గుళ్లకు అలవాటుపడ్డ కళ్లకు ముందు ఏమీ కనబడదు. గోపురం లేదు, విగ్రహం లేదు. గద్దెలు, వాటి మీద కర్రలు, పసుపు, కుంకుమ. పూజారులు కోయవాళ్లు. ఎవరి మొక్కు వాళ్లు చెప్పుకుని పోతున్నారు, నన్ను నీ గోత్రమేమిటని ఎవరూ అడగలేదు. నాకది హాయిగా అనిపించింది.

గద్దెల దగ్గరికి వెళ్లేముందు లచ్చవ్వ ఒక కొట్టు దగ్గర ఆగింది. మాతో పాటు ఆమె కూడా వచ్చింది మరి. కొట్టతన్ని చూసి, బంగారం కిలో ఎట్లిస్తానవ్ అని అడిగింది.

నేను చేత్తో చెవి దులుపుకున్నాను. కిలో బంగారమా? అతను చాలా మామూలుగా అరవై రూపాయలన్నాడు. మొన్న యాభై కదా అని లచ్చవ్వ దబాయించింది. అతను బల్ల మీద గోనె గుడ్డ తీశాడు. కింద బెల్లం దిమ్మలు.

నేను దిమ్మల వంక చూశాను. కొట్టు మీద బోర్డు వంక చూశాను. ఇక్కడ బంగారం దొరుకును అని ఎర్ర అక్షరాలతో రాసి ఉంది. అప్పుడు నవ్వాను చూడండి. పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా. దారినపోయే వాళ్లు ఆగి చూశారు. రత్నంగారు కంగారుపడి ఏమైందమ్మా ఏమైందమ్మా అంటున్నారు. నోట మాట రాక బోర్డు చూపించాను. మేడారంలో తల్లులకు ఇచ్చే బెల్లాన్ని బెల్లం అనరు. బంగారమంటారు. ఇంట్లో చాయ్‌లో వేసుకుంటే బెల్లం, ఇక్కడ గద్దెకు ఇస్తే బంగారం.

రత్నంగారు నవ్వలేదు. ఆవిడ ఇంకా లెక్కలోనే ఉన్నారు. అంత బెల్లం ఎందుకు, ఎవరి కోసం అని అడిగారు. ఇన్నాళ్లలో ఆవిడ కొమురమ్మను సూటిగా అడిగిన మొదటి మాట అదే.

కొమురమ్మ పక్కనున్న తక్కెడ చూపించింది. రెండు పక్కలా గొలుసులతో వేలాడే పెద్ద పళ్లాలు. ఒకదాంట్లో మనిషి కూర్చుంటే రెండో దాంట్లో మనిషి బరువంత బెల్లం. నిలువెత్తు బంగారం అంటారట దాన్ని. జాతరకు ముందు రత్నంగారికి గుండె ఆపరేషన్ అని ఫోన్లో తెలిసినప్పుడు కొమురమ్మ మొక్కుకుంది. అమ్మ బతికొస్తే అమ్మంత బంగారం ఇస్తానని.

"నువ్వు మలేషియాల దవాఖానల ఉంటివి. నిన్నెట్ల తూకమేయాలె? గందుకే మా ఆడబిడ్డను కూసోబెట్టిన," అంది కొమురమ్మ.

రత్నంగారు లచ్చవ్వ వైపు చూశారు. నేనూ చూశాను. లచ్చవ్వ నిండుగా నిలబడి ఉంది.

"ఈమెనా? నేను ఈమెంత ఉంటానా?" అన్నారు రత్నంగారు.

"జర ఎక్కువైంది గని, తక్కువైతే తల్లికి కోపమొస్తది," అంది కొమురమ్మ.

నిన్న ఇద్దరూ కొంగు నోట్లో పెట్టుకుని నవ్వింది అందుకే. ఈ పుల్లలాంటి మనిషికి అంత బంగారం ఇచ్చామా అని. రత్నంగారు తక్కెడ గొలుసు పట్టుకుని నిలబడిపోయారు. ఒక్కసారి నవ్వు, ఒక్కసారి ఏడుపు, రెండూ కలిసి వచ్చాయి ఆవిడకు. నాకూ కళ్లు చెమర్చాయి. తన కోసం ఇంకొకళ్లు తూకం వేయించారని తెలియడం ఏ మనిషికైనా చిన్న సంగతి కాదు. ఆవిడ దేశంలో ఆవిడకు ఎవరున్నారో నేను అడగలేదు.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. రత్నంగారు మంచి మనిషి గనక నిజం దాచుకోలేకపోయారు. కొమురమ్మ చేతులు పట్టుకుని అంతా చెప్పేశారు. నువ్వు నా డబ్బుతో బంగారం చేయించుకున్నావని అనుకున్నాను, అందుకే ఇల్లు అమ్ముతున్నాను, సాంబయ్యగారికి మాటిచ్చాను అని.

కొమురమ్మ చేతులు మెల్లగా వెనక్కి తీసుకుంది.

"అడిగితే అయిపోవు గదమ్మా," అంది. అంతే అంది.

గద్దెల దగ్గర దండం పెట్టుకున్నప్పుడు మాకు దూరంగా నిలబడింది. తిరుగు దారిలో ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చుని ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. వచ్చేటప్పుడు ఊరూరూ పేరు చెప్పిన మనిషి. లచ్చవ్వ నాకు ఉడకబెట్టిన అనుములు పొట్లం ఇచ్చింది. గుడాలు తినక్కా అంది. పొట్లం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

మళ్లీ మట్టెవాడ

పొద్దున్నే రత్నంగారు సాంబయ్యగారి కొట్టుకు వెళ్లి ఇల్లు అమ్మనని చెప్పి, క్షమించమన్నారు. ఆయన ఏమీ అనుకోలేదు. అనుకోకపోగా ఆయన భుజాలు ఒక్కసారి కిందికి దిగాయి. ఫికర్ జేయకున్రి అమ్మా, ఆ టాక్స్ కోసుడు నాతోని అయ్యేది కాదు, రెండు రోజులాయె నిద్రలేదు అన్నారు. ఇంకో సోడా తెప్పించారు.

తీరా మేం ఇంటికి వచ్చేసరికి కొమురమ్మ తన బట్టలు సంచిలో సర్దుకుంటోంది. ఇల్లు అమ్మట్లేదని రత్నంగారు చెప్పారు. మంచిదమ్మా, వేరేవాళ్లను పెట్టుకో అంది. కోపంగా కాదు, చాలా మామూలుగా. రేపు ఇంకెవరో ఇంకేదో చెబితే మళ్లీ ఇదే అయితది, నన్ను అడగనే అడగవు, నేను పత్తికే పోతాన అంది. రత్నంగారు జీతం పెంచుతానన్నారు. ఆ మాట అనకుండా ఉండాల్సింది. కొమురమ్మ సంచి జిప్పు లాగేసింది.

నాకు మండింది. ఇద్దరు మంచివాళ్లు ఒక ఇంటిని చేజేతులా పోగొట్టుకుంటుంటే చూస్తూ కూర్చోవడం నావల్ల కాదు. ఒట్టు కూడా మేడారంలోనే తీరిపోయింది. కూర్చోండి ఇద్దరూ అని గట్టిగానే అన్నాను. కొమురమ్మ అరుగు మీద, రత్నంగారు కుర్చీలో కూర్చున్నారు.

రాత్రంతా నేను ఆలోచించింది చెప్పాను. ఇల్లు ఇలా రోజువారీగా ఎవరెవరికో ఇచ్చి, డబ్బు ఎవరి ఖాతాలోనో వేసుకుని, జీతాలు, కూరగాయలు, బెల్లం దాకా లెక్కలు చెప్పాలంటే అది ఎప్పటికీ తేలదు. దేవుడికి ఇచ్చిన బంగారాన్ని ఖర్చుగా చూపిస్తే ఏ అధికారీ ఒప్పుకోడు కూడా. అదే రత్నంగారు ఇంటిని మొత్తంగా ఒక్క మనిషికి కిరాయికి ఇచ్చేశారనుకోండి. అప్పుడు ఆవిడకు వచ్చేది ఇంటి కిరాయి ఒక్కటే. అందులో వందకు ముప్పై ప్రభుత్వమే ఖర్చుల కింద వదిలేస్తుంది, రసీదులు అడగదు. మిగిలినదాని మీదే పన్ను. పాత ఏళ్లకు ఆలస్యపు రుసుముతో కలిపి కట్టేస్తే ఆ నోటీసు గొడవా తీరుతుంది. వాళ్ల దేశంలో ఏం చెప్పాలన్నది అక్కడి ఆడిటరు చూసుకుంటాడు.

ఆ ఒక్క మనిషి కొమురమ్మ కావాలన్నాను. పనిమనిషిగా కాదు, కిరాయిదారుగా. యాత్రికులు ఆమె యాత్రికులు. వంట ఆమెది, ధర ఆమెది, లాభం ఆమెది. రత్నంగారు ఏటా వచ్చి ఉండే రెండు నెలలూ మేడ మీది గది ఒకటి ఆవిడకు ఉంచాలి, అంతే.

రత్నంగారి మొహం వెలిగిపోయింది. కొమురమ్మ మొహంలో మాత్రం అనుమానం. పూర్తిగా చెప్పక్కా అంది.

పూర్తిగా చెప్పాలంటే ఒక చేదు ఉంది. మన ఊరి ఓనరుకు ఇంత కిరాయి కడితే ఎవరూ పట్టించుకోరు. ఓనరు బయటి దేశం మనిషైతే, కిరాయి ఎంత చిన్నదైనా సరే, కట్టేవాళ్లే అందులోంచి పన్ను కోసి ముందు సర్కారుకు కట్టాలి. వందకు ముప్పై ఒకటి దాకా. మిగిలిందే ఓనరుకు, అదీ బయటి దేశం వాళ్ల కోసం బ్యాంకులో ఉండే ప్రత్యేకమైన ఖాతాలోకి. ఎక్కువ కోసి ఉంటే ఏడాది చివర రత్నంగారు రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకుంటారు. కొమురమ్మ పేరున దీనికో నంబరు తీసుకోవాలి. ఆ కాగితాలన్నీ నేను వేసిపెడతాను గానీ, పేరు మాత్రం ఆమెదే.

"అంటే అమ్మ టాక్సు నేను కొయ్యాలె," అంది కొమురమ్మ.

అవును అన్నాను.

"కొయ్యకపోతే ఎవల్ని అడుగుతరు?"

నిన్నే అన్నాను. అబద్ధం చెప్పలేను కదా. సాంబయ్యగారు కొట్టు పెట్టుకున్న మనిషి, ఈ మాటకే నిద్ర మానుకున్నారు. ఇక లేచి సంచి పట్టుకుంటుంది అనుకున్నాను. రత్నంగారు అంతకు ముందే కళ్లు మూసుకున్నారు.

కొమురమ్మ నా వైపు తిరిగి కూర్చుంది.

"అమ్మను కాదు, నన్నే అడుగుతరు?"

అవును, నిన్నే, ఏది అడగాలన్నా ముందు నిన్నే అన్నాను.

"అయితే మంచిదే అక్కా. ఇన్నొద్దుల సంది ఈ ఇంటిది నన్ను ఎవ్వలు ఏదీ అడగలే. ఇగనన్న అడుగుతరు గద."

రత్నంగారు కళ్లు తెరిచారు. కుర్చీలోంచి లేచి వచ్చి అరుగు మీద ఆమె పక్కన కూర్చున్నారు.

"ముందు నేనే అడుగుతాను, కొమురమ్మా. కిరాయి ఎంతిస్తావు?"

కొమురమ్మ సంచి జిప్పు తీసి లోపలి నుంచి ఫోన్ తీసింది.

"జర ఆగమ్మా," అంది, "మా ఆడబిడ్డను అడిగి చెప్త."